ఫిల్టర్ డబ్బా తెరిస్తే పికప్ పెరుగుతుందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: బండికి పికప్ చాలడం లేదని మెకానిక్ షెడ్డుకు వెళ్లిన యువకుడికి సాధారణంగా వినిపించే సలహాల్లో ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు రంధ్రాలు పెట్టడం ఒకటి. కొందరు డబ్బా మూత తీసేస్తారు. కొందరు గాలి లోపలికి వచ్చే ముక్కు గొట్టాన్ని కోసేస్తారు. ఇంకొందరు డబ్బా మొత్తాన్నీ పక్కన పడేసి కార్బ్యురేటర్ మూతికి నేరుగా శంఖాకారపు ఫిల్టర్ బిగిస్తారు. ఖర్చు తక్కువ, పని అరగంటలో పూర్తవుతుంది, బండి శబ్దం అప్పటికప్పుడే మారిపోతుంది. శబ్దంతోపాటు శక్తి కూడా మారిందా అన్నది మాత్రం ఎవరూ కొలిచి చూడరు.

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. 42వ నంబరు జాతీయ రహదారి మీద ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున పీఠభూమిపై ఉన్నాయి. గాలి పలుచన, పల్లె దారుల్లో ఎర్రమట్టి దుమ్ము, కుప్పం పరిసరాల్లో గ్రానైట్ క్వారీల రాతిపొడి. చెన్నైలోనో బెంగళూరులోనో ఫలించిందని చెప్పుకొనే మార్పు ఇక్కడ అదే ఫలితం ఇవ్వదు. పైగా ఇక్కడి బైకు షికారుకు మాత్రమే తిరిగేది కాదు. తెల్లవారుజామున పాల క్యాన్లు మోసేదీ అదే, టమోటా బుట్టలను మార్కెట్ యార్డుకు చేర్చేదీ అదే. సరదాకు తెరిచిన డబ్బా కారణంగా ఇంజిన్ బోరుకు వస్తే ఇంటి ఆదాయానికే గండి పడుతుంది.

డబ్బా ఎందుకు పెట్టారు?

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు 740 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. ఈ లెక్కన లీటరు పెట్రోలుకు దాదాపు 11 కిలోల గాలి, అంటే మదనపల్లె వాతావరణంలో రమారమి 10 వేల లీటర్ల గాలి అవసరం. లీటరుకు 60 కిలోమీటర్లు నడిచే బండి ఆ 60 కిలోమీటర్లలో పది వేల లీటర్ల గాలిని పీల్చుకుంటుందన్న మాట.

ఆ పీల్చడం కూడా ఫ్యాను గాలిలా నిలకడగా సాగదు. 150 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఇన్‌టేక్ వాల్వు నిమిషానికి 4,000 సార్లు, అంటే క్షణానికి 66 సార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటుంది. ప్రతిసారీ ఒక గుక్క. గుక్కకూ గుక్కకూ మధ్య ఒత్తిడి తరంగాలు ముందుకూ వెనక్కూ పరుగెత్తుతాయి. ఈ ఎగుడుదిగుడుల నుంచి కార్బ్యురేటర్‌ను కాపాడి, దాని మూతి ముందు ప్రశాంతమైన గాలి నిల్వ ఉంచడం ఎయిర్‌బాక్సు మొదటి పని.

రెండో పని అంతగా తెలియనిది. ఖాళీ సీసా మూతిపై ఊదితే ఒక నిర్ణీత స్వరంలో మోగుతుంది. 19వ శతాబ్దపు జర్మనీ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ వివరించిన ఈ సూత్రమే ఎయిర్‌బాక్సులోనూ పనిచేస్తుంది. డబ్బా సీసా అయితే ముక్కు గొట్టం దాని మెడ. డబ్బా ఘనపరిమాణం, గొట్టం పొడవు, వెడల్పు కలిసి ఒక నిర్ణీత ఇంజిన్ వేగం వద్ద గాలిని కాస్త తోసి సిలిండర్లోకి పంపుతాయి. రోజువారీ వాడకానికి చేసిన బైకుల్లో తయారీదారులు సహజంగానే మధ్యస్థ వేగాలను దృష్టిలో ఉంచుకుంటారు. రెండు పాల క్యాన్లతో మూడో గేరులో మిట్ట ఎక్కే బండికి కావలసిన లాగుడు శక్తి అక్కడే ఉంటుంది. ముక్కు గొట్టం కోసేస్తే ఈ పొందిక చెదిరిపోతుంది. పై వేగాల్లో ఏమైనా కలిసొచ్చినా, నిత్యం వాడే మధ్య వేగాల్లో లాగుడు తగ్గే అవకాశం ఎక్కువ.

మూడోది శబ్ద నియంత్రణ. బైకు శబ్దమంతా సైలెన్సర్ నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. ఇంజిన్ గాలి పీల్చే చప్పుడు కూడా గట్టిదే, దానిని అణచేది ఎయిర్‌బాక్సే. మూత తీసిన వెంటనే ట్యాంకు కింది నుంచి గాండ్రింపు వినపడుతుంది. నడిపేవాడికి బండి పరుగందుకున్నట్టు తోస్తుంది. పికప్ పెరిగిందన్న నమ్మకంలో ఈ గాండ్రింపు వాటా పెద్దది.

నాలుగోది చాలామంది మెకానిక్‌లు సైతం పట్టించుకోనిది. ఇంజిన్ క్రాంక్ కేసులో పుట్టే ఆవిరిని తిరిగి మండించడానికి వచ్చే బ్రీథర్ గొట్టం, సైలెన్సర్ వైపు శుభ్రమైన గాలిని పంపే సెకండరీ ఎయిర్ గొట్టం అనేక నమూనాల్లో ఈ డబ్బాకే కలుస్తాయి. డబ్బా తీసేస్తే ఈ గొట్టాలు గాలిలో వేలాడుతూ ఉంటాయి. ఒకటి నూనె ఆవిరి కక్కుతుంది, మరొకటి దుమ్ము పీల్చుతుంది.

ఎత్తు చేసే నష్టం

చెన్నైలో కొన్న బండిని మదనపల్లెకు తెచ్చుకున్నవారు పికప్ తగ్గిందని చెప్పడం కద్దు. అది భ్రమ కాదు. ప్రామాణిక వాతావరణ లెక్కల ప్రకారం 700 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే ఆరున్నర శాతం మేర తక్కువ. టర్బో లేని ఇంజిన్ శక్తి కూడా దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. కంపెనీ కాగితాల్లో 14 హార్స్‌పవర్ అని ఉన్న బండి మదనపల్లెలో 13 దగ్గర నిలుస్తుంది. 1,265 మీటర్ల ఎత్తున్న హార్సిలీ హిల్స్ పైకి వెళితే సాంద్రత 11 శాతానికి పైగా పడిపోతుంది, అదే బండి పన్నెండున్నర కూడా అందించలేదు. ఇందులో బండి లోపం గానీ ఫిల్టర్ లోపం గానీ ఏమీ లేదు. డబ్బాకు ఎన్ని రంధ్రాలు పెట్టినా బయటి గాలి చిక్కబడదు.

ఫిల్టర్, డబ్బా కలిసి గాలిని ఎంత అడ్డుకుంటున్నాయో కొలవడం కష్టమేమీ కాదు. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల గొట్టం సూత్రం చాలు. యూ ఆకారంలో వంచిన పారదర్శక గొట్టంలో కొంత నీరు పోసి, ఒక కొసను ఫిల్టర్ దాటిన తర్వాతి భాగానికి కలిపి, రెండో కొసను బయటి గాలికి వదిలితే, పూర్తి ఎక్సలేటర్‌లో రెండు వైపులా నీటి మట్టాల మధ్య తేడా కనిపిస్తుంది. ట్యూనింగ్ చేసేవారు డైనమోమీటర్ మీద బండిని నిలిపి ఈ పరీక్ష చేస్తారు. గుక్కలకు నీరు ఎగిరిపడకుండా గొట్టంలో ఒకచోట దారి సన్నగా నొక్కి ఉంచుతారు, నీరు ఇంజిన్‌లోకి పోకుండా గొట్టం పొడవుగా తీసుకుంటారు. పది సెంటీమీటర్ల తేడా అంటే వాతావరణ పీడనంలో ఒక శాతం. అడ్డంకిని మొత్తం తొలగించినా దక్కేది ఆ ఒక్క శాతమే. మట్టితో పూడిన ఫిల్టర్ అయితే తేడా ఇంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. అలాంటప్పుడు అవసరమైనది కొత్త ఫిల్టరే తప్ప డ్రిల్లు మిషను కాదు.

బండి ముందు భాగాన గాలి పట్టే గొట్టం అమర్చితే ఎదురుగాలి తోపుడుతో శక్తి పెరుగుతుందన్న ఆలోచన కూడా ఉంది. 1990లో వచ్చిన కవాసాకి జెడ్‌జెడ్‌ఆర్ 1100 ఈ పద్ధతిని ప్రజలు కొనే మోటారు సైకిళ్లలోకి తెచ్చింది. అయితే ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 280 కిలోమీటర్ల వద్ద అది వాతావరణ పీడనంలో మూడున్నర శాతం ఉంటే, 100 కిలోమీటర్ల వద్ద అర శాతం కూడా ఉండదు. పుంగనూరు రోడ్డు మీద 60లో వెళ్లే బండికి దీనివల్ల అదనంగా వచ్చేది దుమ్మే.

వేడి సంగతి మాత్రం లెక్కలోకి తీసుకోవలసినదే. కంపెనీ అమర్చిన ముక్కు గొట్టం సాధారణంగా సీటు కిందనో ట్యాంకు వెనుకనో, ఇంజిన్ సెగకు దూరంగా ఉంటుంది. శంఖాకారపు ఫిల్టర్ సిలిండర్ వెనుకనే వేలాడుతూ, రెక్కల మీదుగా వచ్చే వేడి గాలిని పీలుస్తుంది. గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సాంద్రత మూడు శాతానికి పైగా తగ్గుతుంది. ఫిల్టర్ అడ్డంకి తొలగించి సంపాదించిన ఒకటి రెండు శాతం ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇలా హరించుకుపోతుంది.

పాళ్లు తప్పితే

కార్బ్యురేటర్ బండిలో డబ్బా తెరవడం వల్ల వెంటనే వచ్చే మార్పు గాలి, పెట్రోలు పాళ్లు మారిపోవడం. డబ్బాలో ఉండే కొద్దిపాటి వాక్యూమ్‌ను కూడా లెక్కలోకి తీసుకునే కంపెనీ జెట్లు బిగిస్తుంది. ఆ వాక్యూమ్ పోతే జెట్ గుండా పెట్రోలు తక్కువగా ఎక్కుతుంది, మిశ్రమం పలచబడుతుంది. షెడ్డు భాషలో బండి 'లీన్' అవుతుంది. ఎక్సలేటర్ తిప్పితే క్షణం తడబడుతుంది, వదిలితే సైలెన్సర్‌లో టపటపమంటుంది, ఇంజిన్ మామూలు కంటే వేడెక్కుతుంది. మైలేజీ పెరిగిందని మొదటి వారం సంతోషించినవారు తర్వాత వాల్వులు కాలిపోయాయనో పిస్టన్ గీతలు పడిందనో షెడ్డుకు రావలసి వస్తుంది.

సీవీ రకం కార్బ్యురేటర్లలో చిక్కు మరింత ఎక్కువ. వీటిలో పిస్టన్ స్లైడును ఎత్తేది ఎక్సలేటర్ తీగ కాదు, గాలి ఒత్తిడిలోని తేడా. డబ్బా పోతే ఆ తేడా అస్తవ్యస్తమై స్లైడు సరిగా లేవదు. మధ్య వేగాల్లో బండి గుటకలు వేస్తున్నట్టు నడుస్తుంది. ఎన్ని జెట్లు మార్చినా ఈ లోపం పోవడం లేదని మళ్లీ పాత డబ్బా వెతుక్కున్నవారు ఉంటారు.

ఇక్కడ ఎత్తు మళ్లీ లెక్కలోకి వస్తుంది. గాలి పలుచబడినప్పుడు మామూలు కార్బ్యురేటర్ పెట్రోలును కొంచెం ఎక్కువగానే ఇస్తుంది. 700 మీటర్ల వద్ద ఈ ఎక్కువ మూడు శాతం పైచిలుకు. అందువల్ల చెన్నైలో ఒకరు సరిచేసుకున్న జెట్ నంబరును అలాగే తెచ్చి మదనపల్లెలో బిగిస్తే ఫలితం వేరుగా ఉంటుంది. దీనికి ఇథనాల్ మరో మెలిక. ఇథనాల్ ఒక గ్రాము మండటానికి 9 గ్రాముల గాలి చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అదే జెట్ గుండా వస్తే మిశ్రమం లీన్ వైపు జరుగుతుంది. ఎత్తు ఒకవైపు లాగితే ఇథనాల్ మరోవైపు లాగుతుంది. ఇవి రెండూ ఇంచుమించు సర్దుకుంటున్న పాత బండికి డబ్బా కూడా తెరిస్తే పాళ్లు పూర్తిగా తప్పుతాయి.

జెట్ మార్చాక బండి నిజంగానే చురుకైందని చెప్పేవారి మాటలో కొంత సత్యం లేకపోలేదు. పొగ నిబంధనల కోసం కంపెనీలు పలు నమూనాల్లో మిశ్రమాన్ని కాస్త లీన్‌గా ఉంచుతాయి. పెట్రోలు ఇంజిన్ గరిష్ఠ శక్తి ఇచ్చేది గాలి 13 పాళ్ల దగ్గరికి తగ్గినప్పుడు. కనుక పెద్ద జెట్ వేయగానే కనిపించే మెరుగుదల ఎక్కువగా పెట్రోలు పెరగడం వల్ల వచ్చినదే. ఘనత మాత్రం డబ్బాకు పెట్టిన రంధ్రాలకు దక్కుతుంది. ఖరీదు పెట్రోలు బంకు దగ్గర తెలుస్తుంది.

దుమ్ము

ఇది అన్నింటికంటే పెద్ద సమస్య. గ్రానైట్ పొడిలోనూ ఇసుకలోనూ ఉండే క్వార్ట్జ్ ఖనిజం ఇనుమును గీయగలిగినంత కఠినమైనది. సిలిండర్ గోడకూ పిస్టన్ రింగుకూ మధ్య ఉండే నూనె పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పొర మందానికి సమానంగానో కొద్దిగా ఎక్కువగానో ఉండే రేణువులు, అంటే కంటికి కనిపించని 5 నుంచి 20 మైక్రాన్ల దుమ్ము, ఆకురాయిలా పనిచేసి రింగులను, బోరును అరగదీస్తాయి. పెద్ద ఇసుక రేణువులకంటే ఇవే ప్రమాదకరం.

లారీ వెనుక మట్టి దారిలో వెళ్లే బండి పీల్చే ఘనపు మీటరు గాలిలో ఒక్క మిల్లీగ్రాము దుమ్ము ఉందనుకుందాం. లీటరు పెట్రోలుకు 10 ఘనపు మీటర్ల గాలి కాబట్టి 10 మిల్లీగ్రాములు. రోజుకో లీటరు వాడే పాల బండికి ఏడాదిలో మూడున్నర గ్రాములు, అంటే చిన్న చెంచాలో సగానికి పైగా. మంచి కాగితపు ఫిల్టర్ ఇందులో 98 శాతానికి పైగా ఆపుతుంది. ఫిల్టర్ లేని బండిలో అదంతా ఇంజిన్ గుండా పోతుంది. కొంత సైలెన్సర్ నుంచి బయటపడినా, మిగిలినది నూనెలో కలిసి బేరింగులను, క్యామ్‌ను కూడా తినేస్తుంది. లక్షణాలు వరుసగా కనిపిస్తాయి. ముందు ఇంజిన్ ఆయిల్ తొందరగా నల్లబడుతుంది, తర్వాత మట్టం తగ్గుతుంది, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు నీలిరంగు పొగ వస్తుంది, కిక్కు కొడితే మునుపటి బిగువు ఉండదు. ఆపై బోరు కొట్టించి పిస్టన్, రింగులు మార్చడం తప్ప దారి లేదు. పికప్ కోసం చేసిన పని పికప్‌నే తీసుకుపోతుంది.

నూనె రాసిన నూలు బట్ట ఫిల్టర్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1969లో మొదలైన కే అండ్ ఎన్ సంస్థతో వీటికి పేరొచ్చింది. కంపెనీ డబ్బాలోనే ఇమిడే ఆకారంలో దొరికే ఇలాంటి ఫిల్టర్‌కు, బయట వేలాడే శంఖాకారపు ఫిల్టర్‌కు ఎంతో తేడా ఉంది. మొదటిది డబ్బా పనిని చెడగొట్టదు. అయితే నూలు ఫిల్టర్ దుమ్ము పట్టేది నూనె పట్టించినంత కాలమే. పొడిబారితే జల్లెడతో సమానం. ఫుట్‌పాత్‌పై పేరు లేకుండా అమ్మే రంగురంగుల శంఖాల్లో కొన్నింటిని వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఆవలి వస్తువులు కనిపిస్తాయి. వాటిని ఫిల్టర్ అనడం మర్యాద కోసమే.

వానాకాలంలో మరో ముప్పు. నవంబరు వాయుగుండాల సమయంలో కల్వర్టుల మీద నీరు పారే దారుల్లో, కింద వేలాడే ఫిల్టర్ నేరుగా నీరు పీల్చుకుంటుంది. నీరు గాలిలా కుదించుకుపోదు కాబట్టి పిస్టన్ ఎదురుదెబ్బ తిని కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. కంపెనీ డబ్బా ముక్కు ఎత్తున ఉండటానికి, డబ్బా అడుగున నీరు, నూనె చేరే చిన్న మూతి గొట్టం ఉండటానికి కారణం ఇదే. ఆ గొట్టాన్ని తీసి ఖాళీ చేసేవారు అరుదు.

ఆర్‌ఎక్స్ మోజు

టూ స్ట్రోక్ యమహా ఆర్‌ఎక్స్ 100కు ఇప్పటికీ అభిమానులున్నారు. 1985 నుంచి 1996 వరకు తయారైన ఈ 98 సీసీ బండి 11 హార్స్‌పవర్ ఇచ్చేది. ఇన్‌టేక్ మార్పుల ముచ్చట మన ప్రాంత షెడ్లలో స్థిరపడటంలో దీని పాత్ర కాదనలేనిది. చెన్నై సమీపంలోని షోలవరం రన్‌వే మీద, 1990 నుంచి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద జరిగిన పందేల కథలు విన్నవారు అదే పని సొంత బండికి చేయించుకున్నారు. పందెం బండి కొద్ది ల్యాప్‌ల తర్వాత ఇంజిన్ విప్పి చూసుకునేదని, దానికి మెకానిక్ పక్కనే ఉంటాడని మరిచిపోయారు.

టూ స్ట్రోక్‌లో మిశ్రమం లీన్ అయితే శిక్ష తక్షణమే. పిస్టన్ వేడెక్కి వ్యాకోచించి సిలిండర్లో పట్టేస్తుంది, వెనుక చక్రం నిలిచిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఇలా జరిగితే నష్టం ఇంజిన్‌తో ఆగదు. విడిభాగాలు దొరకడం కష్టమవుతున్న బండికి ఫిల్టర్ తీసి తిప్పడం దాని మీద ప్రేమ ఉన్నవారు చేసే పని కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కొత్త బైకుల్లో దాదాపు అన్నింటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇందులో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ గాలి ఒత్తిడిని, ఉష్ణోగ్రతను, పొగలోని ఆక్సిజన్‌ను చూసుకుని పెట్రోలు మోతాదు నిర్ణయిస్తుంది. మదనపల్లె నుంచి హార్సిలీ హిల్స్ ఎక్కినా పాళ్లు తప్పవు. నిలకడ వేగంలో డబ్బాకు చేసిన చిన్న మార్పును కూడా ఇది సర్దుకోగలదు, అంటే ఆ మార్పు ఫలితాన్ని రద్దు చేస్తుంది. పూర్తి ఎక్సలేటర్‌లో మాత్రం ముందే రాసిపెట్టిన పట్టికను అనుసరిస్తుంది కనుక అక్కడ లీన్ కావచ్చు. సర్దుబాటు హద్దు దాటితే మీటరులో ఇంజిన్ దీపం వెలుగుతుంది. దీపం వైరు పీకేయడం దీనికి మందు కాదు.

కొలిచి చేసే పద్ధతి

ఇన్‌టేక్ మార్పుతో ప్రయోజనమే ఉండదని చెప్పడం సరికాదు. సైలెన్సర్, క్యామ్, కంప్రెషన్ మార్చి ఇంజిన్ ఎక్కువ గాలి తాగేలా చేసిన పందెం బండికి పెద్ద ఎయిర్‌బాక్సు, గంట ఆకారపు మూతి గొట్టం, పెద్ద కార్బ్యురేటర్ అవసరమవుతాయి. అక్కడ అన్నీ కలిపి చేస్తారు, డైనమోమీటర్ మీద కొలుస్తారు. ఒక్క డబ్బాను మాత్రమే తెరిచిన మామూలు బండికి ఆ లాభం రాదు.

మార్పు చేయించినవారు ఫలితాన్ని చెవితో కాక గడియారంతో చూడటం మంచిది. వాహనాలు లేని సమతలపు దారిలో టాప్ గేరులో 40 నుంచి 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో, గాలివాటం తేడా పోయేలా రెండు దిక్కులా మూడేసి సార్లు చూడాలి. పాత అమరికతో అదే రోజు, అదే బరువుతో, అదే చోట మళ్లీ చూడాలి. స్పార్క్ ప్లగ్ కొస లేత కాఫీ రంగులో ఉంటే పాళ్లు సరిగా ఉన్నట్టు, తెల్లగా ఉంటే లీన్, మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. నేటి పెట్రోలుతో ఈ రంగులు మునుపటంత స్పష్టంగా రాకపోయినా, తెల్లబడిన ప్లగ్‌ను ఎప్పుడూ హెచ్చరికగానే తీసుకోవాలి. జెట్ మార్చవలసి వస్తే అదే కంపెనీ జెట్ వేయాలి. దానిపై ఉండే అంకె ఒక తయారీలో రంధ్రం వ్యాసాన్ని, మరొక తయారీలో పెట్రోలు ప్రవాహాన్ని సూచిస్తుంది. ఉన్న జెట్‌ను సూదితో పొడిచి పెద్దది చేస్తే తిరిగి చిన్నది చేయలేం.

అంతకంటే ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బునీటితో గానీ మాన్యువల్ సూచించిన ద్రావకంతో గానీ కడిగి, మెలిపెట్టకుండా పిండి, నీడన ఆరబెట్టి, నూనె పట్టించి అదనపు నూనెను నొక్కి తీసేయాలి. పెట్రోలుతో కడగరాదు. పొడి కాగితపు ఫిల్టర్‌ను తక్కువ ఒత్తిడి గాలితో లోపలి నుంచి బయటికి ఊదాలి. బయటి నుంచి కంప్రెసర్ గన్ పెడితే మడతల్లో కనిపించని చిల్లులు పడతాయి. జిగురు నూనె పట్టించిన కాగితపు ఫిల్టర్‌ను అసలు ఊదనే కూడదు, గడువుకు మార్చేయాలి. మాన్యువల్లో రాసిన గడువు సాధారణ రోడ్లకు ఉద్దేశించినది. దుమ్ము దారుల్లో తిరిగే బండికి దానిని తగ్గించుకోవాలని అదే మాన్యువల్లో ఉంటుంది. డబ్బాకూ కార్బ్యురేటర్‌కూ మధ్యనున్న రబ్బరు బూటు పగిలితే ఫిల్టర్ ఎంత కొత్తదైనా వృథా. గొలుసు బిగింపు, టైర్ల గాలి, వెనుక బ్రేకు పట్టేయకుండా ఉండటం, వాల్వుల సందు చూసుకుంటే పోయిందనుకున్న పికప్ తిరిగి రావడం సాధారణంగా జరిగేదే.

చట్టం ఏమంటోంది

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది జరిగిన సవరణతో చేరిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించవచ్చని చెబుతోంది. ఎయిర్ ఫిల్టర్ వివరం ఆర్‌సీలో ఉండదు కదా అన్న వాదన ఉండవచ్చు. కానీ శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే బండికి 190వ సెక్షన్ రెండో ఉపవిభాగం వర్తిస్తుంది. మొదటి తప్పుకు 10 వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సుకు మూడు నెలల అనర్హత అందులో ఉన్నాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. ఆ పరీక్ష ఐడ్లింగ్‌లో జరుగుతుంది కాబట్టి పెద్ద మెయిన్ జెట్ కక్కే పొగ అందులో పూర్తిగా కనిపించదు, రోడ్డు మీద కనిపిస్తుంది. వారంటీ ఉన్న బండి అయితే డబ్బా కోసిన గుర్తు చూపి ఇంజిన్ క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉంది.

పాత బండి కొనేవారు కూడా ఈ డబ్బా విప్పి చూడాలి. మూతకు డ్రిల్లు రంధ్రాలు, వాటిని తర్వాత ఎం-సీల్‌తో పూడ్చిన మచ్చలు, మరలు లేని క్లాంపులు ఉంటే అమ్మేవారిని కారణం అడగాలి. ఫిల్టర్ తీసి, కార్బ్యురేటర్ వైపు రబ్బరు బూటు లోపల తెల్లటి గుడ్డ చుట్టిన వేలితో తుడవాలి. అక్కడ పలుచని నూనె తడి ఉండటం సహజం. గుడ్డకు ఎర్రమట్టి గానీ బూడిదరంగు రాతిపొడి గానీ అంటితే ఆ బండికి బోరు పని దగ్గర పడినట్టే. బేరంలో ఆ ఖర్చు తగ్గించుకుని అడగాలి.